కమిషనర్ ఇచ్చిన పేరా, నెకాకు దక్కని పేజీ: ఒక ఇగ్బో నవలను మా తరగతి చదివిన తీరు

కోస్తాలోని ఒక పీజీ కళాశాలలో ఇంగ్లీషు సాహిత్యం బోధిస్తున్న నేను, నైజీరియాలోని ఇగ్బో జనానికి చెందిన రచయిత చినువా అచెబే తన జనం గురించి ఇంగ్లీషులో రాసిన నవల 'థింగ్స్ ఫాల్ అపార్ట్'ను 17 మంది విద్యార్థులతో ఎనిమిది వారాలపాటు చదివించినప్పుడు ఏం జరిగిందో ఇక్కడ రాస్తున్నాను. వీరిలో ఎక్కువమంది పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదువుకున్నవారు, తమ ఇళ్లలో పీజీ దాకా వచ్చిన మొదటి తరం. వారి నోటు పుస్తకాల్లోని మాటలను వారి అనుమతితోనే వాడుతున్నాను, పేర్లు ఇవ్వడం లేదు. ఈ నవల గురించి విమర్శకులు ఏమన్నారో చెప్పే పుస్తకాలకు కొదవ లేదు. చదివేవారు ఏ పేజీ దగ్గర ఆగిపోతారు, ఎక్కడ కోపం తెచ్చుకుంటారు, ఎక్కడ తమ ఊరు గుర్తొచ్చి కథను వదిలేస్తారు అన్నది మాత్రం తరగతి గదిలోనే తెలుస్తుంది.

అంతకుముందు చేసిన పొరపాటు

అంతకుముందు కొన్నేళ్లు ఈ నవలను నేను వలసవాదం మీద ఉపన్యాసంతో మొదలుపెట్టేదాన్ని. 1884–85 బెర్లిన్ సమావేశం, ఆఫ్రికాను యూరపు దేశాలు పంచుకున్న తీరు, నైజీరియాలో స్థానిక పెద్దలను ముందుపెట్టి బ్రిటిష్‌వారు నడిపిన పరోక్ష పాలన, 1960 అక్టోబరు 1న వచ్చిన స్వాతంత్ర్యం, ఇవన్నీ బోర్డు మీదికి ఎక్కించిన తర్వాతే నవల తెరిచేవాళ్లం. పరీక్షలో జవాబు పత్రాలన్నీ ఒకే వాక్యంతో మొదలయ్యేవి: ఈ నవల రెండు సంస్కృతుల సంఘర్షణను చిత్రిస్తుంది. ఆ వాక్యంలో తప్పు లేదు గానీ, అది నవల చదవకుండానే రాయగల వాక్యం. కథ చేతికి ఇవ్వకముందే దాని సారాంశాన్ని నేనే చేతిలో పెట్టాను కాబట్టి, పిల్లలు ఆ సారాంశానికి ఉదాహరణలు వెతకడానికి మాత్రమే పేజీలు తిప్పారు.

ఈ పద్ధతికి నవల నిర్మాణమే అడ్డు చెబుతోందని ఆలస్యంగా గ్రహించాను. మొత్తం 25 అధ్యాయాల్లో 13 మొదటి భాగానివి. ఆ భాగంలో, ఎనిమిదో అధ్యాయంలో సుద్దముక్కలా తెల్లగా ఉండే మనుషుల గురించి పెద్దలు చెప్పుకునే ఒక వేళాకోళపు ముచ్చట తప్ప, తెల్లవాడు కథలోకి అడుగుపెట్టడు. అబామె ఊరివాళ్లను సంత రోజున తుపాకులతో కాల్చి చంపిన వార్త పదిహేనో అధ్యాయంలో, మిషనరీలు పదహారో అధ్యాయంలో వస్తారు. అంటే సగానికి పైగా నవల పెండలం సాగు, పెళ్లి మాటలు, కుస్తీ పోటీలు, తీరని అప్పులు, పిల్లల జబ్బులు, ఊరి పంచాయితీలతోనే నడుస్తుంది. పోయేదేమిటో కళ్లముందు నిలబెట్టిన తర్వాతే అచెబే అది పోవడం గురించి చెబుతారు. నేనేమో పోవడంతో మొదలుపెట్టి, ఉన్నదాన్ని చూసే తీరిక లేకుండా చేశాను.

అందుకే ఈసారి ఉపన్యాసం పూర్తిగా మానేశాను. చరిత్ర ఎవరైనా అడిగిన చోటే చెప్పాను. ఉదాహరణకు అబామె ఘటన అతిశయోక్తి అని ఇద్దరు రాసినప్పుడు, 1905లో అహియారా ప్రాంతంలో స్టూవర్ట్ అనే బ్రిటిష్ డాక్టరు హత్య తర్వాత ఆ చుట్టుపక్కల ఊళ్ల మీద సైన్యం చేసిన దాడుల గురించి చెప్పాను. ప్రతి వారం చదివిన అధ్యాయాల మీద ఒక పేజీ రాయాలి, అదీ తెలుగులో. పరీక్ష ఇంగ్లీషులోనే కదా, తెలుగులో రాస్తే ఏం లాభం మేడమ్ అని మొదటి రోజే అడిగారు. ఇంగ్లీషులో రాస్తే వాళ్ల పెన్ను తనంతట తానే గైడు పుస్తకంలోని వాక్యాల మీదికి పోతుందని నా అనుభవం. తెలుగులో అలాంటి సిద్ధవాక్యాలు వాళ్ల దగ్గర లేవు కాబట్టి, చదివింది తమ మాటల్లో పెట్టక తప్పదు. ఈ ఒక్క నిర్ణయం మిగిలినవాటన్నిటికంటే ఎక్కువ పని చేసిందని ఇప్పుడు అనుకుంటున్నాను.

మాకంటే ముందు చదివినవాళ్లు

రెండో వారంలో విమర్శ సిద్ధాంతాలకు బదులు పాఠకులను పరిచయం చేశాను. వారిలో మొదటివారు అచెబేనే. 1950ల మొదట్లో ఇబదాన్ యూనివర్సిటీ కాలేజీలో ఆయన తరగతికి ఆంగ్లో-ఐరిష్ రచయిత జాయిస్ కేరీ 1939 నాటి నవల 'మిస్టర్ జాన్సన్' పాఠంగా వచ్చింది. నైజీరియా గుమస్తాను అమాయకపు నవ్వులబొమ్మగా చూపిన ఆ నవలను ఇంగ్లీషు అధ్యాపకుడు మెచ్చుకుంటుంటే, అందులో జాన్సన్‌ను కాల్చి చంపే ఘట్టం ఒక్కటే తనకు నచ్చిందని ఒక విద్యార్థి లేచి చెప్పాడట. తమ గురించి రాసినట్టు చెప్పే పుస్తకంలో తాము లేమని ఆ తరగతి గుర్తుపట్టిన ఆ సంఘటన తన మీద ఎంత పనిచేసిందో అచెబే తర్వాత రాసుకున్నారు.

1958లో ఆయన నవల లండన్‌లో హైన్‌మన్ ప్రచురణగా వచ్చినప్పుడు, సమీక్షకురాలు ఆనర్ ట్రేసీ, ఈ రచయిత లాగోస్ రేడియోలో ఆధునిక ఉద్యోగం వదిలి తన తాతల బుద్ధిలేని కాలానికి తిరిగి వెళ్తాడా అని అడిగారు. మరో పదిహేడేళ్లకు, 1975లో అమెరికాలోని ఆమ్‌హర్స్ట్‌లో ఇంగ్లీషు నవలాకారుడు జోసెఫ్ కాన్రాడ్ మీద ఇచ్చిన ప్రసిద్ధ ఉపన్యాసం మొదట్లోనే అచెబే ఒక ఉత్తరం గురించి చెప్పారు. న్యూయార్క్ దగ్గరి యాంకర్స్‌లో ఒక బడిపిల్లవాడు ఈ నవల చదివి, ఒక ఆఫ్రికన్ తెగ ఆచారాలూ మూఢనమ్మకాలూ తెలిసినందుకు సంతోషమని రాశాడు. తన ఊళ్లో తన జనానికి కూడా వింత ఆచారాలు ఉన్నాయని ఆ పిల్లవాడికి తోచలేదని అచెబే బాధపడ్డారు. దక్షిణ కొరియాలోని ఒక మహిళా కళాశాల నుంచి ఒక తరగతి మొత్తం రాసిన ఉత్తరాలు మరోలా ఉన్నాయి. అందులో ఒక విద్యార్థిని ఇగ్బోల కథలో జపాను పాలన కింద తన దేశం పడిన పాట్లను చూసింది.

నైజీరియా పాఠకుల లెక్క కూడా చెప్పాను, ఎందుకంటే ఆఫ్రికన్ నవలను యూరపు వాళ్ల కోసమే రాశారని పిల్లల్లో గట్టి అభిప్రాయం ఉంది. 1965లో అచ్చయిన ఒక వ్యాసంలో అచెబే తన నవల చౌక ప్రతుల ఒక ఏడాది అమ్మకాలను ఇచ్చారు: బ్రిటన్‌లో దాదాపు 800, నైజీరియాలో 20,000, మిగతా అన్నిచోట్లా కలిపి సుమారు 2,500. అదే వ్యాసంలో, బడిలో హర్మటాన్‌కు (పశ్చిమ ఆఫ్రికాలో వీచే పొడి దుమ్ము గాలి) బదులు 'వింటర్' అని రాసిన పిల్లవాడి ప్రస్తావన ఉంది. హర్మటాన్ అని రాస్తే తోటిపిల్లలు అడవిమనిషి అని వెక్కిరిస్తారని వాడి భయం. ఈ మాట చదివి వినిపించగానే తరగతి వెనకనుంచి ఒక అబ్బాయి, 'మా చెల్లి ఇంగ్లీషు కాంపోజిషన్‌లో మంచు కురిసింది మేడమ్' అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

మూఢనమ్మకాల జాబితా నుంచి 'అచ్చం మనలాగే' దాకా

అయినా మొదటి వారాల నోటు పుస్తకాలు తిరగేస్తే, యాంకర్స్ పిల్లవాడి ఉత్తరమే 17 చోట్ల కనిపించింది. కవలలను కుండల్లో పెట్టి అడవిలో పారేయడం, మళ్లీమళ్లీ పుట్టి చచ్చే పిల్లలు, వారు పాతిపెట్టారనే రాయి కోసం తవ్వడం, రాత్రివేళ పాము పేరెత్తకూడదనడం. అన్నీ జాబితాగా రాసి, కింద 'వెనుకబాటుతనం' అని గీత గీశారు. రాత్రిపూట పామును 'పురుగు' అనే ఇళ్లనుంచి వచ్చినవారే ఆ జాబితాలో పామును చేర్చారు. నేనేమీ దిద్దలేదు. నాలుగో వారానికి గాలి పూర్తిగా ఎదురు దిక్కుకు తిరిగింది. ప్రతి పేజీలో 'అచ్చం మనలాగే' మొదలైంది. కోలా కాయ పంచడం మన తాంబూలంలా ఉంది, కల్లు అదే, పెద్దలమాట అదే, సామెతలు అవే.

ఈ రెండో స్పందన చూడటానికి ఆప్యాయంగా ఉంటుంది, కానీ దాన్ని నేను మొదటిదానికంటే తక్కువ ప్రమాదకరమని అనుకోను. మొదటిది ఎదుటివారిని దూరంగా నెట్టి చూడటం మానేస్తే, రెండోది దగ్గరికి లాక్కుని చూడటం మానేస్తుంది. దీన్ని మాటలతో చెప్పి లాభం లేదనిపించి, ఒక్క వాక్యాన్ని అనువదించమన్నాను. ఇగ్బోలలో మాటలను సామెతలనే పామాయిల్‌తో తింటారని నవల మొదటి అధ్యాయంలో ఉంది. 'సామెత లేని మాట ఆమెత లేని ఇల్లు' అని కృష్ణా జిల్లా అమ్మాయి వెంటనే రాసేసింది. ఎంత చక్కగా కుదిరిందని అందరూ సంబరపడ్డారు. ఒకరు పామాయిల్ అంటే రేషను షాపు ప్యాకెట్ గుర్తొస్తుంది కాబట్టి 'నెయ్యి' పెడదామన్నారు. అప్పుడు పశ్చిమ గోదావరి నుంచి వచ్చిన అబ్బాయి, వాళ్లకు పామాయిల్ తోట ఉంది, లేచి నెమ్మదిగా చెప్పాడు: 'మా తోటలో గెలలు కోసి ఫ్యాక్టరీకి తోలడమే మేడమ్. ఆ పండు నలిపితే చేతికి ఎర్రగా అంటుకుంటుంది. ఆ చెట్టు వాళ్ల దేశం నుంచే వచ్చిందంటారు. వాళ్లకది పెరట్లో చెట్టు, మాకు సబ్సిడీ పంట. నెయ్యి అని రాస్తే ఆ చెట్టు పోతుంది.'

ఆ గంటంతా ఆ ఒక్క వాక్యం దగ్గరే గడిచింది. చివరికి 'మాటను ముంచుకు తినే ఎర్రనూనె సామెత' అని ఒప్పుకున్నారు. అనువాదంగా అది గొప్పదని నేను అనను. కానీ ఆ తర్వాతి వారం నుంచి 'అచ్చం మనలాగే' అన్న మాట నోటు పుస్తకాల్లో బాగా తగ్గింది.

మరో ఊరు పరిహారంగా ఇవ్వగా నవల నాయకుడు ఒకోంక్వో ఇంట్లో పెరిగి, చివరికి ఊరి నిర్ణయంతో చంపబడ్డ ఇకెమెఫునా అనే పిల్లవాడి మరణం గురించి ఎక్కువ రాయను. తనను నాన్నా అని పిలిచే పిల్లవాడి చావులో చెయ్యి పెట్టవద్దని ఊరి పెద్ద ఎజెయుడు హెచ్చరించినా, పిరికివాడనుకుంటారేమోనన్న భయంతో ఒకోంక్వో తానే కత్తి ఎత్తిన ఆ పేజీని గట్టిగా చదివించాను. చదువుతున్న విద్యార్థి, ఆ పిల్లవాడు తండ్రివైపు పరుగెత్తే వాక్యం దగ్గర ఆగిపోయి పుస్తకం పక్కవాడికి ఇచ్చేశాడు. ఆ వారం నోటు పుస్తకాల్లో జాబితాలు లేవు.

చర్చి గుమ్మం దగ్గర తరగతి చీలిన రోజు

ఈ అధ్యయనంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఆరో వారం. ఒకోంక్వో తల్లి పుట్టిన ఊరు ఎంబంటాలో జనం మిషనరీలకు చెడ్డ అడవిలో స్థలం ఇస్తారు, నాలుగు రోజుల్లో చస్తారన్న నమ్మకంతో. వాళ్లు చావరు. ఒకోంక్వో కొడుకు న్వోయే ఆ మతంలోకి వెళ్తాడు, సిద్ధాంతం అర్థమై కాదు, అడవిలో ఏడ్చే కవలల గురించీ చంపేసిన ఇకెమెఫునా గురించీ తన మనసులో మూలుగుతున్న ప్రశ్నకు ఆ పాటలో ఏదో జవాబు వినిపించి. తర్వాత ఓసులు వస్తారు. ఓసు అంటే దేవుడికి అంకితమైపోయి వెలిగా బతకాల్సినవాడు. జుట్టు కత్తిరించుకోకూడదు, స్వేచ్ఛగా పుట్టినవారిని పెళ్లాడకూడదు, ఊరి సభకు రాకూడదు, చచ్చాక కూడా వాడికి చెడ్డ అడవే. చర్చిలోకి వచ్చినవాళ్లే వీళ్లను రానివ్వడానికి ఒప్పుకోకపోతే, కియాగా అనే ఇగ్బో బోధకుడు జుట్టు గొరిగించుకోమని చెప్పి లోపలికి పిలుస్తాడు.

న్వోయే ద్రోహి అని ఒక విద్యార్థి రాశాడు. పరాయి పాలన తలుపు తట్టినప్పుడు లోపలి గడియ తీసినవాడని అతని వాదన, దాన్ని బాగానే వాదించాడు. ఒంగోలు ప్రాంతం నుంచి వచ్చిన ఒక విద్యార్థిని చాలాసేపు విని, 'వాడు గడియ తీశాడంటున్నావు సరే, వాడు ఆ ఇంట్లో ఉన్నాడని ముందు నువ్వు ఎట్లా అనుకున్నావు?' అంది. తర్వాత తన ఇంటి సంగతి చెప్పింది. 1876–78 కరువు రోజుల్లో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ పని ఇప్పించిన కుటుంబాల గురించి, 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న ఘటన గురించి వాళ్లింట్లో తరతరాలుగా చెప్పుకుంటారు. వాళ్ల తాతమ్మకు బడి దొరికింది మిషన్ వల్లే. 'వలసవాదపు ఆయుధం' అని సిలబస్ ఒక్కమాటలో తేల్చిన చర్చి, ఆమెకు తన ఇంట్లో పేరు రాసుకోగలిగిన మొదటి స్త్రీ కూర్చున్న చోటు.

బోధనలో ఇలాంటి క్షణాన్ని ఒక తీర్పుతో ముగించాలన్న ఒత్తిడి చాలా ఉంటుంది. నేను తీర్పు చెప్పలేదు, చెప్పగల స్థితిలోనూ లేను. ఓసు వేరు, మన దగ్గరి అంటరానితనం వేరు అని మాత్రం గుర్తుచేశాను. ఓసుతనానికి మూలం ఒక దేవతకు అంకితం కావడం, మన కులానికి వృత్తి, భూమి, శాస్త్రం అనే ముడులున్నాయి. ఆమె ఆ తేడాను ఒప్పుకుంది. కానీ ఒప్పుకుని ఆగలేదు. నవలలో మతం వెనకే ప్రభుత్వం వస్తుంది. చర్చల పేరుతో పిలిచి ఆరుగురు పెద్దలకు బేడీలు వేసి 200 సంచుల గవ్వలు జరిమానా వేస్తారు, కోర్టు బంట్రోతులు ఊరికి 250 అని చెప్పి మిగతా 50 కాజేస్తారు. ఆ వారం ఆమె నోటు పుస్తకంలో ఇలా ఉంది: 'మా తాతమ్మకు పలక ఇచ్చిన చేతినీ, ఆ పెద్దల చేతులకు బేడీలు వేసిన చేతినీ ఒకే వాక్యంలో రాయాలి. ఒకటి రాస్తే రెండోది అబద్ధమైపోతోంది.' వలస పాలన గురించి నేను చదివిన విమర్శలో ఇంత కచ్చితంగా ఇబ్బందిని చెప్పిన వాక్యాలు తక్కువ.

న్వోయేను ద్రోహి అన్న విద్యార్థి తన మాట వెనక్కి తీసుకోలేదు. తీసుకోవాలని నేనూ కోరలేదు. అతను తర్వాత కెన్యా రచయిత గూగీ వా థియాంగో గురించి తనంతట తాను చదివి వచ్చాడు. గికుయూ భాషలో నాటకం వేయించినందుకు 1977 డిసెంబరు 31న కెన్యా ప్రభుత్వం ఆయనను విచారణ లేకుండా నిర్బంధించడం, జైల్లో టాయిలెట్ కాగితం మీద గికుయూలోనే నవల రాయడం, ఆ నవలను అక్షరం రానివారికి బార్లలో, ఇళ్లలో ఒకరు చదివి వినిపించడం, దాన్ని వరవరరావు తెలుగులోకి తేవడం, ఇవన్నీ చెప్పి, 'మేడమ్, మీరు తెలుగులో రాయమన్నది ఇందుకేనా?' అని అడిగాడు. ఇందుకు కూడా, అన్నాను.

ఒక పేరా

చివరి అధ్యాయంలో ఒకోంక్వో ఉరిపోసుకున్నాక, ఒక గొప్పవాణ్ణి కుక్కలా పాతిపెట్టే స్థితికి తెచ్చారని అతని మిత్రుడు ఒబియెరికా బ్రిటిష్ జిల్లా కమిషనర్ మొహాన అంటాడు. కమిషనర్ మనసు అప్పటికే తాను రాయబోయే పుస్తకం మీద ఉంది. ఈ మనిషి గురించి ఒక అధ్యాయం కాకపోయినా ఒక పేరా రాయవచ్చని లెక్క వేసుకుంటాడు. నైజర్ దిగువ ప్రాంతపు ఆదిమ తెగల 'పసిఫికేషన్' అన్నది అతని పుస్తకం పేరు.

ఆ 'పసిఫికేషన్' మాటను తెలుగు చేయమంటే శాంతింపజేయడం, లొంగదీయడం, అణచివేత అని మూడు వచ్చాయి. మొదటిది రాస్తే కమిషనర్ చెప్పేది వస్తుంది, మూడోది రాస్తే అతను చేసింది వస్తుంది. రెండూ ఒకే మాటలో ఇమిడి ఉండటమే ఆ మాట పని అని అక్కడే తేలిపోయింది. ఇంతలో ఒకమ్మాయి 'ఊరుకోబెట్టడం' అంది. ఏడ్చే పిల్లను ఊరుకోబెట్టినట్టు. జోకొట్టీ ఊరుకోబెట్టవచ్చు, రెండు దెబ్బలు వేసీ ఊరుకోబెట్టవచ్చు, ఎలాగైనా ఎదుటిది పిల్ల అనే అర్థం ఆ మాటలో ఉంది. నా ఇన్నేళ్ల బోధనలో ఆ శీర్షికకు ఇంత దగ్గరగా వచ్చిన మాట నాకు తట్టలేదు.

ఒంగోలు విద్యార్థిని ఆ రోజు మాట్లాడలేదు. చివరి వారం ఆమె ఇచ్చింది స్పందన కాదు, నెకా గురించి నాలుగు పేజీలు. నవలలో నెకా ఒక సంపన్న రైతు భార్య, ఎంబంటాలో చర్చిలో చేరిన మొదటి స్త్రీ. నాలుగు కాన్పుల్లోనూ కవలలే పుట్టారు, నాలుగుసార్లూ పారేశారు. నిండు గర్భంతో ఉన్న ఆమె వెళ్లిపోతే అత్తింటివారు పీడ విరగడైందనుకున్నారు. అచెబే ఆమెకు ఇచ్చింది ఒక్క పేరా. మూడు అధ్యాయాల ముందే, ముసలి ఉచెండు తన మేనల్లుడు ఒకోంక్వోకు తల్లే అందరికంటే గొప్పదని చెబుతూ, అందుకే ఆడపిల్లలకు నెకా అని పేరు పెట్టుకుంటామంటాడు. ఈ రెండు చోట్లనూ కలిపి చదవడం నాకెప్పుడూ తోచలేదు. న్వోయే తల్లికి నవల మొత్తంలో పేరే లేదన్నది స్త్రీవాద విమర్శ చదివినవారందరికీ తెలిసినదే, దాన్ని నేను చెప్పేదాన్ని కూడా. పేరు ఉన్న ఈ తల్లిని మాత్రం దాటుకుంటూ వెళ్లిపోయాను.

ఆమె రాసిన నాలుగు పేజీల్లో నెకా పొద్దుగూకే వేళ చర్చి వైపు నడుస్తూ ఉంటుంది. చర్చి ఉన్నది చెడ్డ అడవిలో, తన ఎనిమిది మంది పిల్లలను పారేసింది అడవిలో. ఆ రెండు అడవులూ ఒకటేనని నవల చెప్పదు, ఈ అమ్మాయి ఒకటి చేసింది. నెకా నడుస్తూ కుండపెంకుల కోసం నేల వెతుక్కుంటుంది. లోపల పాట వినిపిస్తున్నా వెంటనే గుమ్మం ఎక్కదు. ఐదో కాన్పులో ఎవరు పుట్టారో అచెబే చెప్పలేదు, ఆమె కూడా చెప్పలేదు. ఇంకా రాస్తావా అమ్మా అని అడిగితే, 'వాళ్లు పుట్టేదాకా ఆగాలి మేడమ్' అంది.